మందలోంచి విడిపోవద్దు

(వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇప్పటికే చదివి వినిపించారు. మేము వేటాడేవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్తాం. ముందు జంతువుల సంగతి, తర్వాత మనుషుల సంగతి.

నల్లమల అంచు ఊళ్ళలో మేకలు కాసేవాళ్ళకు ఇది తెలిసిందే. చిరుతపులి మంద మధ్యలోకి ఎదురుగా రాదు. పొదల చాటున నక్కి చూస్తుంది. వెనకబడిన మేక, కుంటే మేక, తల్లిని తప్పిన పిల్ల ఎక్కడుందా అని. రేచుకుక్కలు గుంపుగా వస్తాయి. దుప్పుల మందను తరిమి తరిమి ఒకదాన్ని విడదీసి దాని మీద పడతాయి. మన ఇంట్లో బల్లిని చూడండి. ఊరంతా తిరగదు. లైటు పక్కన కూర్చుంటుంది, పురుగులే అక్కడికి వస్తాయి. చేలో కొంగ కదలకుండా నిలబడుతుంది. అందుకే దొంగ భక్తిని మన పెద్దలు కొంగజపం అన్నారు.

వాటిని తప్పు పట్టలేం. చిరుత గడ్డి తిని బతకలేదు, వేటాడకపోతే దాని పిల్లలు చస్తాయి. మనిషికి ఆ గతి లేదు. కష్టం చేసుకుని బతికే దారి ఉండి కూడా కొందరు ఎదుటివాళ్ళ అవసరాన్ని వేటాడుతున్నారు. పద్ధతి మాత్రం అదే. లైటు పెడతారు, ఒంటరిని చేస్తారు, మీద పడతారు.

మన సభ్యురాలు ఒకామె సంగతి చెప్తాం. పేరు, ఊరు చెప్పం. కొడుకు హాస్టలు ఫీజుకు తెల్లారేసరికి డబ్బు కావాలి. రాత్రి పదింటికి ఫోనులో లోను యాపు కనబడింది. కాగితాలు అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో డబ్బు అన్నాడు. అదీ లైటు. రాసింది 5,000 అప్పు, చేతికొచ్చింది 3,500, ఏడో రోజుకు కట్టాల్సింది 5,000. అంటే 3,500కు వారంలో 1,500 వడ్డీ. అదే డబ్బు మన సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుంటే నెలకు 35 రూపాయలు.

ఆ యాపు ఆమె ఫోనులో నంబర్లు, ఫోటోలు అన్నీ తీసేసుకుంది. ఆరో రోజు నుంచే ఫోన్లు, ఒకడి తర్వాత ఒకడు, రేచుకుక్కల్లాగే. కట్టినా ఇంకా ఉందన్నారు. నీ ఫోటో పాడు చేసి చుట్టాలకు పంపుతాం, ఎవరికన్నా చెప్తే నీ పరువే పోతుంది అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమెను మందలోంచి విడదీశారు. మీటింగుకు రావడం మానేసింది, పొదుపు డబ్బులు కూతురి చేత పంపింది. పక్కింటి సభ్యురాలికి అనుమానమొచ్చి వెళ్ళి కూర్చుని అడిగితే అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే లీడర్లం వెళ్ళాం. 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇప్పించాం. మెసేజీలన్నీ దాచిపెట్టి పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళాం. ఆమె చుట్టాలకు మేమే ముందుగా ఫోను చేశాం, ఏదన్నా ఫోటో వస్తే అది దొంగది, నమ్మొద్దు అని. అందరికీ తెలిసిపోయాక ఇంకేమని బెదిరిస్తారు? కొన్నాళ్ళకు ఫోన్లు ఆగిపోయాయి.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 2010 నాటి మైక్రోఫైనాన్సు గొడవలు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఒకే మనిషికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలన్నాయి. దాంతో చాలా ఊళ్ళలో తోటి ఆడవాళ్ళే వెళ్ళి ఆమె గడప ముందు కూర్చున్నారు. మంద చేతనే మేకను బయటికి నెట్టించడమంటే ఇదే. కొంతమంది ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసులోనో నలుగురు ఉండే చోటనో కట్టించుకోవాలని పెట్టింది. చూశారా, చాటున జరిగేదాన్ని నలుగురి ముందుకు తెచ్చింది. రిజర్వు బ్యాంకు కూడా 2022లో, లోను యాపులు మన ఫోనులోని నంబర్లు, ఫోటోలు ముట్టుకోకూడదని చెప్పింది. అడిగిందంటే అది వేటగాడి యాపు అని తెలుసుకోండి.

పైన గద్ద తిరిగితే కోడి అరుస్తుంది, పిల్లలు రెక్కల కిందికి వస్తాయి. గద్ద కాకి గూడు దగ్గరకు వస్తే కాకులన్నీ కలిసి తరుముతాయి. ఒక్క కాకి కంటే గద్దకు బలం ఎక్కువే. అయినా పారిపోతుంది.

అందుకే సమాఖ్య ముందు మూడు కోరికలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి సంఘం కొంత డబ్బు అత్యవసరానికి విడిగా ఉంచి, అడిగిన రోజే ఇవ్వాలి. రాత్రి పదింటికి లీడరు తలుపు కొట్టగలిగితే ఎవరూ యాపు జోలికి పోరు. రెండు, ప్రతి మీటింగులో ఐదు నిమిషాలు, ఈ నెల ఎవరికి ఎలాంటి ఫోన్లు వచ్చాయో మాట్లాడుకోవాలి. మూడు, రెండు మీటింగులకు రాని సభ్యురాలికి ముందు జరిమానా రాయొద్దు. ముందు ఇంటికి వెళ్ళి పలకరించాలి. వాయిదా సంగతి తర్వాత అడగొచ్చు.

అప్పు చేయడం తప్పు కాదు. మోసపోయినా సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు. చెప్పుకోవడానికి మనమంతా ఉన్నాం. సెలవు.