బీడీ మానుట



ఈ సాయంకాలము బీడీ, చుట్ట, సిగరెట్టులను మానుటనుగూర్చి మీతో ముచ్చటింప వచ్చితిని. నేను వైద్యుడను గాను. గోదావరిఖనిలో బొగ్గుబావి దిగి బ్రతికినవాడను. ఇరువదియెనిమిది సంవత్సరములు బీడీ త్రాగి, నలువదియారవ యేట మానినవాడను.

బొగ్గుబావిలోనికి బీడీగాని అగ్గిపెట్టెగాని కొనిపోరాదు. భూగర్భమున మీథేను వాయువు వెలువడును. బొగ్గుధూళి గాలిలో తేలుచుండును. ప్రాణములు పోవుటకు ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచేత 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలును, వాని స్థానమున వచ్చిన 2017 నాటి నిబంధనలును దీనిని నిషేధించినవి. దిగుటకు ముందు మనుష్యులను తనిఖీ చేయుదురు. నేనును నా బీడీకట్టను పైననే విడిచి, ఎనిమిది గంటలు పని చేసి, పైకి వచ్చినతోడనే చేతులైనను కడుగక వెలిగించెడివాడను.

ఒకనాడు బావి వాలు ఎక్కివచ్చుచు, ఆయాసముచే రెండుమారులు కూలబడితిని. వెనుక వచ్చుచున్న మా సర్దారు, నాకంటె పెద్దవాడు, నిలిచి యిట్లనెను: "తమ్మీ, నీవు దినములో మూడవవంతు బీడీ మానినవాడవే. నిద్రలో మరియొక మూడవవంతు మానుచున్నావు. మిగిలినది ఎంత?" ఆ లెక్క నా మనస్సును వదలలేదు. మీరును గడ్డివామి చెంత వెలిగింపరు, గుడిలో వెలిగింపరు. మానగల శక్తి మనయందు లేకపోలేదు.

గనిలో నిప్పంటుకొన్నచో కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పూర్వము దానిని కనిపెట్టుటకు కొన్ని దేశములలో పంజరములందు చిన్నపిట్టలను గనులలోనికి కొనిపోయెడివారు. రక్తములో ప్రాణవాయువు నిలువవలసిన చోటును అది ఆక్రమించును. బావిలో మేము భయపడిన ఆ వాయువే బీడీపొగలోను గలదు. దానిని నేను డబ్బిచ్చి కొని పీల్చుచుంటిని! తునికియాకు బీడీ చిన్నది, హాని తక్కువ యని కొందరందురు. అది పొరపాటు. బీడీ ఆరిపోకుండ గట్టిగా, మాటిమాటికి పీల్చవలసివచ్చును. బొగ్గుధూళి సోకిన ఊపిరితిత్తులకు ఈ పొగయు తోడైన దగ్గు, ఆయాసము ముదురును.

మానినచో లాభమెప్పుడు? ఒకటి రెండు దినములలో ఆ విషవాయువు రక్తమునుండి తొలగును. కొన్ని నెలలలో దగ్గు, ఆయాసము తగ్గును. ఏడాదికి గుండెజబ్బు వలన కలిగిన అదనపు అపాయము సుమారు సగమగును. "ముసలితనమున మాని యేమి ఫలము?" అనకుడు. రిచర్డు డాల్ అను పండితుడును ఆయన సహచరులును 1951 నుండి బ్రిటిషు వైద్యులను పరిశీలించి, ఏబది సంవత్సరముల ఫలితములను 2004లో ప్రకటించిరి. సిగరెట్టు మానక త్రాగినవారు త్రాగనివారికంటె సుమారు 10 సంవత్సరములు ముందుగా మరణించిరి. 40వ యేట మానినవారికి సుమారు 9, 50వ యేట 6, 60వ యేట మానినవారికిని 3 సంవత్సరముల ఆయువు దక్కెను.

కష్టము లేదని చెప్పను. మొదటివారము కోపము హెచ్చును, నిద్ర రాదు, మలబద్ధము కలుగును. కొందరికి దగ్గు కొన్నాళ్లు పెరుగును. కాని ఒక్కొక్క కోరిక కొన్ని నిమిషములకు మించి నిలువదు. నేను మొదటిసారి పండ్రెండవనాడు ఓడితిని. పెండ్లిలో వియ్యాలవారు మర్యాదకై చాచిన బీడీని కాదనలేకపోతిని. సిగ్గుపడి, మరునాడు మరల మొదలిడితిని. టీ త్రాగినతోడనే లేచి నడచితిని; సోంపు నమలితిని. బీడీకి బదులు ఖైనీ, గుట్కా పట్టినవారిని చూచితిని. అవి నోటికి క్యాన్సరు తెచ్చును. తాళలేనివారు ప్రభుత్వ వైద్యుని అడుగవచ్చును. 1800-11-2356 అను జాతీయ సహాయ దూరవాణికి రుసుము లేకుండ మాటాడవచ్చును.

పెద్దలారా, ఒక మనవి. మనుమని దుకాణమునకు బీడీలకై పంపకుడు. 2003 నాటి చట్టము ప్రకారము 18 సంవత్సరముల లోపువారికి పొగాకు అమ్మరాదు. రచ్చబండపై బీడీ చాచుట మర్యాద యను అలవాటును మీరే మాన్పవలెను. నన్ను ఓడించినది ఆ మర్యాదయే. చాచు చేయి లేకున్న, మానువాని పని సగము తేలికయగును.

సెలవు.