మీటరు మీద అంకె కనపడాలె
(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

నిరుడు యాసంగి వడ్ల కాడ నాకు జరిగింది చెప్తా. కల్లంలో తేమ మీటరు పెట్టి చూస్తే 16.8 వచ్చింది. 17 శాతం దాకా కొనాలనేది నిబంధన. కేంద్రంలో మాత్రం 18.8 అన్నారు. ఇంకా ఆరబెట్టుకో, లేదంటే బస్తాకు రెండు కిలోల తరుగు అన్నారు. నా దగ్గర వీడియో ఉంది కదా అని ధైర్యం. ఫోన్లో 4కే పెట్టి నాలుగు నిమిషాలు తీసిన. ఒక జీబీ దాటింది. మా ఊరి సిగ్నల్‌కు అది పోతదా? వాట్సాప్‌లో మామూలుగా పంపితే పోయింది గానీ, అది పిండి చిన్నగ చేసింది. ఫిర్యాదు చూసిన అధికారి "ఇది ఆరా, ఎనిమిదా?" అని అడిగిండు. నాకే తెలియలేదు. ఫోన్ నిండిందని అసలుది అప్పటికే తీసేసిన.

వీడియో సైజు బిట్‌రేట్‌ను బట్టి ఉంటది, అంటే సెకనుకు ఎంత సమాచారం రాస్తుందనేది. సెకనుకు 8 మెగాబిట్లంటే నిమిషానికి 60 ఎంబీ, 2 మెగాబిట్లంటే 15 ఎంబీ. 4కే, 1080, 720 అనేవి మడి విస్తీర్ణం లెక్క. రెండంగుళాల పైపుతో ఐదెకరాలకు నీళ్లు వదిలితే ఏ మూలా సరిగ్గా తడవదు. అందుకే సైజు బాగా తగ్గించాల్సి వస్తే 1080ని అట్లనే ఉంచి బిట్‌రేట్ పిండొద్దు. 720కి దించి 2, 3 మెగాబిట్లు ఇయ్యండి. పంపేముందు ఆపి చూడండి, అంకె చదవగలిగితేనే పంపండి.

ఇంకో సంగతి. వీడియో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు, ముందు బొమ్మకూ దీనికీ ఉన్న తేడానే ఎక్కువగా దాస్తది. చెయ్యి వణికితే అంతా తేడానే, అక్కడే మసక వస్తది. గాలికి ఊగే చేనుదీ ఇదే బాధ. ఫోన్‌ను బస్తా మీద ఆనించి, మీటరు మీద పది సెకన్లు కదలకుండ పట్టండి.

తీసేటప్పుడు 1080, సెకనుకు 30 ఫ్రేములు చాలు. 60 దండగ, మన వడ్లు పరుగెత్తవు కదా. ఫార్మాట్ అడిగితే హెచ్.264 పెట్టండి. హెచ్‌ఈవీసీ అయితే ఫైలు దాదాపు సగమే అయితది, కానీ ఆఫీసుల్లో పాత కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు. నిమిషం మించొద్దు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే పిండదు, 2 జీబీ దాకా పోతది.

అసలు ఫైలు మాత్రం తీసేయొద్దు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇట్లాంటివి కోర్టులో పెట్టాలంటే, ఫైలు హ్యాష్ విలువతో ధ్రువపత్రం ఇయ్యాలె. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర అనుకోండి. సైజు తగ్గించిన కాపీకి ఆ ముద్ర మారిపోతది.

మీటరు తెచ్చిన, ఒక బస్తా వడ్లు కూడా ఉన్నయి. చాయ్ తాగి ఫోన్లు పట్టుకొని రండి, ఒక్కొక్కరూ తీసి చూద్దాం.