తవుడు మీద బూజు – మా సంఘం నేర్చుకున్నది



ఊరగాయ జాడీలో బూజు కనబడితే పారబోస్తాం. ఆ జాతిలోనే పనికొచ్చేవి కూడా ఉన్నాయని ఈ ఏడాది కృషి విజ్ఞాన కేంద్రం శిక్షణలో తెలుసుకున్నాం.

మట్టిలో ఉండే శిలీంధ్రానికి నోరు లేదు. అది ఎంజైములు బయటికి వదిలి, తిండిని బయటే కరిగించుకుని పీల్చుకుంటుంది. ఆ ఎంజైములనే ఫ్యాక్టరీలు వాడుతున్నాయి. పిండిని చక్కెరగా మార్చేది అమైలేజ్. పండ్లరసాన్ని తేటపరిచేది పెక్టినేజ్. జీన్స్ బట్టకు వెలిసిన రంగు తెచ్చేది సెల్యులేజ్. వీటిని తవుడు, పండ్ల తొక్కల మీద పెంచవచ్చు. జపాన్ శాస్త్రవేత్త జోకిచి టకమినే గోధుమ తవుడు మీద బూజు పెంచి ఎంజైము తీసే పద్ధతికి 1894లోనే అమెరికాలో పేటెంట్ పొందారు.

ఇది విని మాకు ఆశ పుట్టింది. మిల్లు తవుడు మన ఊళ్లోనే ఉంది కదా, బ్యాంకు లింకేజీ అప్పు తీసి ఎంజైము పొడి చేద్దామని సగం మంది పట్టుబట్టారు. ముందు తడి తవుడు కుండలో పెట్టి చూశాం. నాలుగో రోజుకి పచ్చ, నలుపు, పసుపు అన్ని రంగుల బూజులూ వచ్చాయి. గేదెకి పెడదామంటే శిక్షణ ఇచ్చిన మేడం ఆపేశారు. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తాయి, అది కాలేయాన్ని చెడగొడుతుంది, గేదె తింటే పాలల్లోకీ వస్తుంది. ఎంజైము తీయాలంటే తవుడును ఆవిరిలో శుద్ధి చేయాలి, ఒకే జాతి విత్తనం వేయాలి, ల్యాబులో పరీక్షించాలి. మా అప్పుకు అందే పని కాదని అందరం ఒప్పుకుని ఆగాం.

చేయగలిగిన పని మాత్రం వదల్లేదు. ట్రైకోడెర్మా విరిడి కూడా మట్టి శిలీంధ్రమే. వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాల గోడను దాని ఎంజైములు కరిగిస్తాయి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి చల్లాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. నీడలో గోనెసంచులు కప్పి, మూడు నాలుగు రోజులకోసారి తిరగేయాలి. వారం పది రోజులకు పొలంలో వేసుకోవచ్చు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి. కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. రసాయన తెగుళ్ల మందుతో మాత్రం కలపకండి.

ఇప్పుడు మా సభ్యురాళ్ల పొలాలకు మేమే తయారు చేసుకుంటున్నాం. దీనికి కొత్త అప్పేమీ తీయలేదు. నేర్చుకోవాలనుకున్న సంఘాలు మా ఊరు రండి, కుప్ప దగ్గరే చూపిస్తాం. సెలవు.