పాత పికప్‌నకు మారు ఇంజను

తాడిపత్రి నల్ల నాపరాళ్లను ఏండ్ల తరబడి మోసి మోసి డస్సిన పాత పికప్ బండికి ఇంజనును గేరుబాక్సును మార్పదలచిన యజమాని, పానా పట్టుటకు ముందు కొలత టేపును చేతబట్టవలయును. ఇంజను చాసిసుపై కూర్చున్నంత మాత్రమున కార్యము ముగియదు. గేరుబాక్సు షాఫ్టు పండ్లు క్లచ్చి ప్లేటు నడిమి పండ్లలో పట్టుగా, జారుగా ఇమిడినగాని, బెల్ హౌసింగు రంధ్రములు ఇంజను వెనుకటి రంధ్రములతో ఏకమైనగాని, ఆ జంట కుదిరినట్లు కాదు. కావున రెండింటిని ఒకే బండినుండి తెచ్చుటయే శ్రేయస్కరమని నా నిశ్చితాభిప్రాయము.

క్రొత్త గేరుబాక్సు రెండంగుళములు పొడవైనచో ప్రొపెల్లర్ షాఫ్టును ఆ మేరకు కుదింపవలయును. కుదించి బ్యాలెన్సు చూపింపనిచో, వేగమందుకొనగానే బండి గడగడ వణకి, క్రాసు బేరింగులు అచిరకాలముననే చెడును. వేసవి 40 డిగ్రీలు దాటు మన సీమయందు, పెద్ద ఇంజనునకు పాత రేడియేటరు చాలదు.

ఆర్.సి.యందు ఇంజను నెంబరు లిఖితమై యుండును; అందలి వివరములకు భిన్నముగ వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను నియంత్రించుచున్నది. కనుక రవాణా కార్యాలయపు అనుమతి పొందిన పిదపనే పాత ఇంజనును దింపుడు.