రాలిన మామిడికాయల సద్వినియోగము

వేసవిలో ఈదురుగాలి వీచిన మరునాడు కర్లపాలెం, బాపట్ల ప్రాంతముల పెరళ్లలోను తోటలలోను రాలిన పచ్చిమామిడికాయలు కుప్పలుగా పడియుండును. టెంక ముదరనివగుటచేత ఇవి ఆవకాయకు పనికిరావు. దెబ్బ తగిలినవగుటచేత నిలువయు నుండవు.

వీనికి తగిన గతి ఒరుగు. కాయను కడిగి, చెక్కు తీసి, కమిలిన భాగమును నిర్దాక్షిణ్యముగా కోసివైచి, మిగిలినదానిని పలుచని ముక్కలుగా తరిగి, ఉప్పును పసుపును పట్టించి ఒక దినము జాడీలో నుంచినచో, ఉప్పు ముక్కలలోని నీటిని లాగి ఊటగా దింపును. పిమ్మట ఆ ముక్కలను పిండి, చాపపై పరచి, కదిపిన గలగలలాడునంతవరకు ఎండబెట్టవలెను. తేమ నశించినచోట బూజు ప్రవేశింపజాలదు. మన తీరప్రాంతపు గాలి చెమ్మగలది గనుక ప్రొద్దు క్రుంకక మునుపే ముక్కలను లోనికి తేవలెను. ఊటను పారబోయుట, నా అభిప్రాయమున, వట్టి దుబారా. పప్పులో చింతపండునకు బదులుగా దానిని వాడవచ్చును.

కొంచెము ముదిరిన కాయలు మాగాయకు శ్రేష్ఠములు. సీమదేశములలో పుల్లని ఆపిల్‌పండ్లను చక్కెరపాకమున నిలువచేయుదురు. మనకు ఉప్పును ఎండయు చాలును. గాలి చొరని జాడీలో దాచిన ఒరుగులు వానకాలమున పప్పునకు, పులుసునకు అక్కరకు వచ్చును. వండుటకు ముందు వేడినీటిలో నానవేయుడు, కూరలో ఉప్పు తగ్గించి వేయుడు.