గిరీశం మళ్లీ నోరు విప్పితే

అభిమన్యుణ్ని పెళ్లాడిన శశిరేఖను ఎరగని తెలుగువాళ్లు అరుదు. వ్యాసభారతంలో మాత్రం ఆమె లేదు. అందులో అభిమన్యుడి భార్య ఉత్తర. జనం అల్లుకున్న శశిరేఖ పెళ్లికథే 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘మాయాబజార్’ అయింది.

ఒకరి పాత్రలతో, ఇష్టం కొద్దీ, మరొకరు కథ కట్టడాన్ని ఇప్పుడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. తెలుగువాళ్లకిది పాత అలవాటే. గురజాడ ‘కన్యాశుల్కం’లోని గిరీశం చేత ముళ్లపూడి వెంకటరమణ లెక్చర్లు ఇప్పించారు. రామాయణ స్త్రీలను కొత్తగా చూపిన ఓల్గా ‘విముక్త’కు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

అభిమానంతో రాసే కొత్తవాళ్లకు సాధారణంగా పైసా రాదు. పాఠకుల మాటే వాళ్లకు దక్కేది. అందుకే ‘బాగుంది’ అని ఊరుకోకుండా, ఏ సన్నివేశం మనసుకు పట్టిందో చెప్పడం మర్యాద. ‘విముక్త’లో సీత, శూర్పణఖ ఎదురుపడే ఘట్టం గురించి ఒక్క వాక్యం చెప్పినా చాలు, శ్రద్ధగా చదివారని తెలిసిపోతుంది.

‘మూలంలో ఇలా లేదే’ అనడం విమర్శ కాదు. లేదు కాబట్టే ఆ కథ పుట్టింది. కల్పన ఆ పాత్ర స్వభావానికి అతికిందా అని మాత్రం అడగొచ్చు, గట్టిగానే అడగొచ్చు.

తరువాయి భాగం ఎప్పుడని నిలదీయడం మోటు. అచ్చుతప్పులుంటే నలుగురిలో కాకుండా విడిగా చెప్పాలి. బడిపిల్లలు రాసిన కథైతే, వాళ్లు అడిగేదాకా సలహాలు ఆపి, ఏ పాత్ర మాటలు నచ్చాయో ముందు చెప్పడం మేలు.