దారబందం: ఒక వచనం కవిత అయిన తీరు
(స్వర్ణోత్సవ సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘వచనం నుంచి కవిత’. ఈ సంచిక కోసం వచ్చిన రచనలు కొన్నిటిని చదివిపెట్టే పని సంపాదకవర్గం నాకు అప్పగించింది. వాటిలో ఎక్కువ భాగం జ్ఞాపకాలే. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల దగ్గర ఉంటూ, వదిలొచ్చిన చోటును తలుచుకుని రాసినవి. అన్నిటి అడుగునా ఉన్నది ఒకటే. పోయిన చోటి మీద బెంగ, ఉన్న చోట మనవాళ్లనిపించుకోవాలనే ఆరాటం. చాలామంది చివర్లో ఒక మాట రాశారు: “వీలైతే దీన్ని కవితగా మార్చండి.” ఆ మార్చడంలో ఏం జరుగుతుందో ఈ పూట ఒక్క ఉదాహరణతో చెబుతాను.

మన భాషలో కొత్తవాళ్లను పలకరించగానే అడిగే ప్రశ్న “మీదే ఊరు?” అని. పేరు అడగడం ఆ తర్వాతే. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లే. పూర్వీకులు ఆ ఊరు వదిలి వందేళ్లయినా పేరుకు ముందు ఆ ఊరు నడుస్తూనే ఉంటుంది. అలాంటిది, ఆ ప్రశ్నకు జవాబే లేకుండా పోయినవాళ్లు మన బడిలో మన పక్క బెంచీలోనే కూర్చున్నారు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల మొదట్లో జలాశయం నిండే వేళకు అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ముంపు కింద ఖాళీ అయ్యాయి. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లు తెచ్చి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఇంకో సంగమేశ్వరం నీళ్లలోనే ఉండిపోయింది. ఎండాకాలం నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది, జనం వెళ్లి దర్శనం చేసుకుంటారు. గుడిని విప్పి మోసుకుపోవచ్చు. ఊరిని అలా మోయలేం. మోయగలిగినంత మోశారు.

ఆ ఊళ్లలో ఒకదాని నుంచి వచ్చిన మన మిత్రుడు ఈ సంచికకు నాలుగు పేజీల వచనం పంపాడు. పేరు చెప్పవద్దన్నాడు కాబట్టి చెప్పను. అందులో ఒక పేరా వినండి.

“మా ఊరు నా హృదయంలో ఒక తియ్యని గాయంలా మిగిలిపోయింది. కాలప్రవాహం నన్ను ఎన్ని తీరాలకు చేర్చినా ఆ మట్టి పరిమళం నా ఊపిరిలో కదలాడుతూనే ఉంది. ఇల్లు ఖాళీ చేసిన రోజు నాన్న గింజల మూటలకన్నా ముందు తలుపులు, ద్వారబంధం ఊడదీసి బండికెత్తాడు. కాలనీలో కట్టుకున్న రేకుల ఇంటికి ఆ ద్వారబంధం పెద్దదైంది. ఒక ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు వెళ్లి చూస్తే మా ఇంటి గుర్తుగా రోలు ఒక్కటే కనిపించింది. నేను ఎక్కడివాణ్ణి అనే ప్రశ్న నన్ను అనుక్షణం వేధిస్తూనే ఉంటుంది. ఇప్పటికీ మమ్మల్ని ముంపోళ్లు అంటారు.”

మంచి వచనం. చదివితే గొంతు పట్టుకుంటుంది. దీన్ని కవిత చేయమంటే చాలామంది మొదట చేసే పని వాక్యాలను ముక్కలుగా విరిచి ఒకదాని కింద ఒకటి పేర్చడం. అలా పేర్చినది వచనంగానే ఉంటుంది, కాగితం మాత్రం ఎక్కువ పడుతుంది.

అసలు వచనానికీ కవితకూ మధ్య గోడ మన సాహిత్యంలో ఎప్పుడూ అంత ఎత్తైనది కాదు. నన్నయ కాలం నుంచే మన కావ్యాల్లో పద్యం పక్కన గద్యం నడిచింది. కృష్ణమాచార్యులు సింహాచలం స్వామిని ఉద్దేశించి చెప్పిన సింహగిరి వచనాలకు గణాలు లేవు, యతిప్రాసల కట్టుబాటు లేదు, అయినా అవి భక్తుడి మొరలే. టాగూరు దారి ఇటు నుంచి అటు. బెంగాలీలో పాటలుగా ఉన్నవాటిని తానే ఇంగ్లీషు వచనం చేశాడు. అదే 1912 నాటి ‘గీతాంజలి’. మరుసటేడే నోబెల్ వచ్చింది. ఛందస్సు రాలిపోయినా ఏదో మిగిలిందన్నమాట. మన దగ్గర కుందుర్తి ఆంజనేయులు గారు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి వచన కవిత కోసం జీవితాంతం వాదించారు. ఛందస్సు వదిలేస్తే పని తేలికవుతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి బరువు పెరుగుతుంది. గణాలు మోసే బరువంతా ఇక మాటల ఎంపికే మోయాలి.

మరి మన మిత్రుడి పేరా దగ్గరికి వద్దాం. ముగ్గురు నలుగురం కూర్చుని, అతన్ని ఫోన్‌లో ఉంచుకునే ఈ పని చేశాం.

మొదటి పని, ఇతను తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యాలు ఏవో గుర్తించడం. ‘తియ్యని గాయం’, ‘కాలప్రవాహం’, ‘మట్టి పరిమళం’ ఎవరైనా రాయగలరు. ఏ ఊరి గురించైనా రాయగలరు. ద్వారబంధం పెద్దదైందని మాత్రం ఆ ఇంటి మనిషే రాయగలడు. కాబట్టి మొదటి రెండు వాక్యాలు పోయాయి. ‘నేను ఎక్కడివాణ్ణి అనే ప్రశ్న’ కూడా పోయింది. ఆ ప్రశ్నను గోడకు పట్టని ద్వారబంధం ముందే అడిగేసింది. బెంగ అనే మాటలో బెంగ ఉండదు. మిగిలిన వస్తువులో ఉంటుంది.

రెండో పని, అతన్ని అడగడం. “ఆ ద్వారబంధం తర్వాత ఏమైందన్నా?” అని మాలో చిన్నవాడు అడిగాడు. “ఏమవుతుంది తమ్ముడూ, వాకిట్లో గోడకానించి పెట్టినాడు నాయన. నలభై ఏండ్లయింది. ఆ దారబందంలో నుంచి ఒక్కరూ లోపలికి రాలేదు” అన్నాడు. ఆ మాట నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. రాసేటప్పుడు మనిషి కొంచెం కొత్త చొక్కా తొడుక్కుంటాడు, మాట్లాడేటప్పుడు తీసేస్తాడు. ‘ద్వారబంధం’ అని రాసినవాడు నోటితో ‘దారబందం’ అన్నాడు. కవితలోకి నోటి మాటే వచ్చింది.

మూడో పని, పాదం ఎక్కడ విరగాలన్నది. తెలుగు వాక్యం క్రియ దగ్గర ముగుస్తుంది. ఎత్తాడు, పెద్దదైంది, కనిపించింది, అంటారు. వచనంలో అది సహజం. కవితలో ప్రతి పాదమూ అలాగే ముగిస్తే హాజరు పిలిచినట్టు ఉంటుంది. పాదం చివర ఏ మాట పెడితే చెవి దాని మీద ఆగుతుంది. ‘నాన్న దారబందం బండికెత్తాడు’ అంటే చెవి ఎత్తడం మీద ఆగుతుంది. ‘నాన్న బండికెత్తింది దారబందం’ అంటే దారబందం మీద ఆగుతుంది. క్రమం కొంచెం మారింది, మాటలు మారలేదు. ఆ మనిషి చెబుతూ చెబుతూ ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడ విరిస్తే సరిపోతుంది.

నాలుగోది అన్నిటికన్నా కష్టం, అందం కోసం అబద్ధం రాయకపోవడం. రోలు దగ్గరికి వచ్చేసరికి మాలో ఒకరు “రోట్లో నిలిచిన నీళ్లలో ఆకాశం కనిపించింది అందాం” అన్నారు. వినడానికి బాగుంది. అందరం తలలూపాం. ఫోన్‌లో మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రోట్లో నీళ్లు లేవన్నా. బురద ఉంది. మా అమ్మ చట్నీ నూరిన రోలది” అన్నాడు. ఆకాశం కొట్టేశాం. మనది కాని దుఃఖాన్ని కవిత చేస్తున్నప్పుడు గుర్తుంచుకోవలసినది ఇదే. ఆ మనిషి చదివి “ఇది మా ఇల్లు కాదు” అంటే ఆ కవిత ఎంత బాగున్నా చెల్లదు. ఊరు ఒకసారి పోగొట్టుకున్నవాడి దగ్గర ఆ ఊరి జ్ఞాపకాన్ని కూడా మనం మార్చేసి ఇవ్వకూడదు.

చివరికి తేలిన కవిత ఇది.

గింజల మూటకన్నా ముందు
నాన్న బండికెత్తింది
దారబందం.

కాలనీలో గోడలు లేచాయి,
రేకులు పడ్డాయి.
ఆ గోడకు పెద్దదైంది
దారబందం.

వాకిట్లో ఆనించి పెట్టాడు.
నలభై ఏళ్లుగా
దాంట్లో నుంచి ఒక్కరూ
లోపలికి రాలేదు.

ఒక ఎండాకాలం
నీళ్లు దిగితే వెళ్లి చూశాను.
రోలు ఉంది.
రోట్లో బురద ఉంది.

ఇప్పటికీ ఎవరైనా ఇల్లు అడిగితే
“ముంపోళ్ల ఇల్లా” అంటారు.
దారబందం పక్కన నిలబడి
ఔనంటాను.

చివరి పాదం గురించి ఒక్క మాట. వచనంలో ‘ముంపోళ్లు అంటారు’ అనే దగ్గర ఆగిపోయింది. అది ఫిర్యాదు. “మరి నువ్వేమంటావు?” అని అడిగితే, “ఏమంటాను, ఔనంటాను” అని నవ్వాడు. ఆ ఔనులో ఒప్పుకోలు ఉందా, అలసట ఉందా, కొంచెం గర్వం ఉందా అన్నది నాకు తేల్చాలనిపించలేదు. వచనమైతే తేల్చవలసి వచ్చేది. కవిత ఆ ఔనును అతని నోట్లో ఉన్నట్టే ఉంచగలదు.

అలాగని మొత్తం నాలుగు పేజీలనూ కవిత చేయలేదు. మిగతా మూడున్నర పేజీల్లో ఊరి వీధులు వరసగా ఉన్నాయి. ఏ ఇల్లు ఎవరిది, బావి ఎక్కడ, పీర్ల చావిడి ఎక్కడ, బడి ఎటువైపు, ఏ కుటుంబం ఏ కాలనీకి వెళ్లింది. దాంట్లో నుంచి ఒక్క ఇల్లు తీసేసినా ఆ ఇంటివాళ్లకు అన్యాయం. అందుకే అది వచనంగానే, అతను రాసినట్టే, ఈ సంచికలో అచ్చవుతోంది. కవిత ఒక ద్వారబంధాన్ని మోయగలదు. ఊరి పటాన్ని వచనమే మోయాలి. రెండూ పక్కపక్కన పేజీల్లో ఉంటాయి, చదవండి.

మీలో ఎంతోమంది దగ్గర ఇలాంటి పేజీలు ఉన్నాయని నాకు తెలుసు. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో రాత్రి పూట రాసుకుని ఫోన్‌లో దాచుకున్నవి. రేపు వాటిని తీసి చూడండి. ‘మధురం’, ‘మరపురాని’, ‘గుండె లోతుల్లో’ లాంటి మాటల కింద పెన్సిలుతో గీత గీయండి. గీత పడకుండా మిగిలిన చోట ఒక వస్తువు ఉంటుంది. టిఫిన్ డబ్బా కావచ్చు, తాళంచెవి కావచ్చు, చెల్లని బస్సు పాసు కావచ్చు. మీ కవిత అక్కడ మొదలుపెట్టండి. వస్తువేదీ మిగలకపోతే తొందరపడకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసి, “అప్పుడు ఏం తీసుకొచ్చాం, ఏం వదిలేశాం?” అని అడగండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి.

మా గురువులకు ఒక విన్నపం. పిల్లలు ‘మా ఊరు’ మీద వ్యాసం రాసేటప్పుడు పచ్చని పొలాలు, గలగల పారే సెలయేళ్లు అని రాస్తే మార్కులు వేస్తూనే, పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్న కూడా రాయండి: “మీ ఇంటి తలుపు ఏ రంగు?” ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాసిన పిల్లవాడికి తన ఊరు ఇంకెవరి ఊరిలానో ఉండదు.